కూడలి మధ్యలో ఎర్ర చుక్క

రాయగడ,
శుక్రవారం.

అప్పకి నీ చెల్లి పద్మ రాసేది.

ముందు నువ్వెలా ఉన్నావో చెప్పు. నడుం నొప్పి తగ్గిందా? బాలింత కాయం తింటున్నావా, చేదని గిన్నె గోడ పక్కకి నెట్టేస్తున్నావా? నెట్టేస్తావు, నాకు తెలుసు. చెవులకి గుడ్డ కట్టుకో. పాప పాలు బాగా తాగుతోందా? రాత్రుళ్లు ఏడుస్తోందా? ఎవరి పోలికో నువ్వే రాయి. బావని అడిగితే ‘నా పోలికే’ అంటాడు, ఆయన మాట నేను నమ్మను. అమ్మ ఎలా ఉంది? నాన్న దగ్గు తగ్గిందా? ఇక్కడ నాకే లోటూ లేదు. ఒళ్లు బాగుంది, తిండి బాగుంది, పనీ బాగుంది. ఈ ముక్క అమ్మకి రెండుసార్లు చదివి వినిపించు, ఒకసారికి నమ్మదు.

బుధవారం మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. నేను అద్దెకుంటున్న ఇంటివాళ్ల దుకాణానికి చేశాడు. “పద్మా, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు, పెట్టేస్తన్నాను, మీటరు తిరిగిపోతంది” అని నిజంగానే పెట్టేశాడు! మూడోసారి కడుపు పండి, తల్లీ పిల్లా క్షేమంగా బయటపడితే చెప్పే మాటలు అవేనా? ఎన్నింటికి పుట్టింది, ఎంత బరువుంది, నీకు కష్టమైందా, ఒక్కటీ చెప్పలేదు. నేను ఆ రిసీవరు పట్టుకుని చింతపండు బస్తాల మధ్య కూలబడి భోరుమన్నాను. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు ఎవరో పోయారనుకున్నారు. అంతలా ఎందుకు ఏడ్చానో ఈ ఉత్తరంలో చెబుతాను. ఆ ఫోను రాకపోతే ఇది రాసేదాన్నే కాదు.

ఇక్కడ చలి మొదలైంది. మన బొబ్బిలి చలి కాదు, కొండల మీద నుంచి దిగే చలి. పొద్దున్నే బకెట్లో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గురువారం వస్తే ఒడియా వాళ్లంతా వాకిళ్లలో బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. చిన్న చిన్న పాదాలు, వీధి నుంచి పూజ గది దాకా. నిన్న వాటి మధ్య నుంచి తొక్కకుండా నడిచేసరికి నాకు గంతులేసే మేక గుర్తొచ్చింది. బజారులో బరా, ఘుగునీ అని వేడి వేడి గారెలు, బఠానీ కూర పెడతారు, బాగుంటుంది. కానీ బయట తిన్నానని పిన్నికి తెలిస్తే ఊరుకోదు. పిన్ని అంటే ఇంటావిడ వరాలమ్మ గారు. వాళ్ల తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పసుపు, చింతపండు టోకు వ్యాపారం పెట్టుకున్నారు. కింద దుకాణం, మేడ మీద నా గది. నా చీరలన్నీ పసుపు వాసనే. నేనొస్తే ఆఫీసులో ఎవరూ తల ఎత్తి చూడరు, వాసనను బట్టే తెలిసిపోతుంది, పద్మ వచ్చిందని.

పిన్ని నోరు మన పెద్దమ్మ నోరులాంటిది. రోజూ పొద్దున్న నేను చెప్పులు వేసుకునే వేళకి వినాలి.

“ఏటమ్మీ, సద్ది తినకండా ఎక్కడికెల్తన్నావు? సెత్త ఎక్కడికీ పారిపోదు. అక్కడే ఉంటాది. కూకొని తినీసి ఎల్లు.”

తినేసే వెళ్తాను. ఆదివారాలు మాత్రం తోచదు అప్పా. వచ్చిన కొత్తలో ఆదివారం సాయంత్రం స్టేషను దాకా నడిచి, బొబ్బిలి వైపు వెళ్లే బండి కదిలేదాకా ఊరికే చూసి వచ్చేదాన్ని. ఇప్పుడు మానేశాను. బెంగపడకు, మానేశానన్నాను కదా.

నా పని ఏమిటో అమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదని రాశావు. ‘డిగ్రీ సదివి సెత్త లెక్కెట్టడమేటి’ అంటోందట. సరే, ఇంకోసారి చెబుతాను. ఊళ్లో చెత్త ఎక్కడెక్కడ పడుతోందో పటం వేయమని మునిసిపాలిటీ వాళ్లు మా ఆఫీసుకి పని అప్పగించారు. నాకూ ప్రమోద్‌కీ చెరో యంత్రం ఇచ్చారు. ప్రమోద్ ఇక్కడి ఒడియా అబ్బాయే, నాతోపాటు చేరాడు, బజారు తెలుగు బాగా వచ్చు. యంత్రం అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలని పలకరించి మనం భూమ్మీద ఎక్కడున్నామో కనిపెడుతుంది. చెత్త కనబడిన చోటల్లా మేం మీట నొక్కాలి. సాయంత్రం దాన్ని కంప్యూటరుకి తగిలిస్తే, నొక్కిన ప్రతి చోటా రాయగడ పటం మీద ఒక ఎర్ర చుక్క పడుతుంది. చుక్కలు ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడ ఏం చెయ్యాలో మునిసిపాలిటీ చూసుకుంటుంది. మొదటిసారి ఆ పటం మీద నేను నడిచిన వీధులన్నీ చూసుకుంటే ఎంత గర్వంగా అనిపించిందో! అది ఎవరి చెత్తయినా, చుక్క నాది.

మా పెద్ద సారు మహంతి గారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. ఆయన ఒడియాలో అన్నదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను. “ఈ యంత్రానికి చెత్త అంటే ఏమిటో తెలియదు. మీరు నిలబడిన చోటే దానికి తెలుసు. కాబట్టి దూరం నుంచి నొక్కకండి. చెత్త దగ్గరకి వెళ్లి, దాని మీద నిలబడి నొక్కండి.” నేను బుద్ధిగా తలూపాను. ఈ మాట గుర్తుపెట్టుకో అప్పా, దీంతోనే వచ్చింది తంటా అంతా.

మా దుకాణం ఉన్న చోట మూడు దారులు కలుస్తాయి. లారీలు తిరిగేంత పెద్ద కూడలి. ఒక పక్క పిన్ని వాళ్లలాంటి టోకు దుకాణాల వరస. రోడ్డు దాటితే ఎదుటి పక్క కాలవ గట్టు మీద అడ్డాకుల ఆడవాళ్లు కూర్చుంటారు. కొల్నార వైపు ఊళ్ల నుంచి తెల్లారకముందే ఆకు మోపులు నెత్తిన పెట్టుకుని వస్తారు. అక్కడే కూర్చుని విస్తళ్లు, దొప్పలు కుట్టి అమ్ముతారు. వాళ్లలో సుక్రి అని ఒకామె నాకు దోస్తు. అమ్మ వయసుంటుంది, బజారు తెలుగు ఆమెకీ వచ్చు. నన్ను ‘నూనీ’ అని పిలుస్తుంది, చిన్నపిల్లా అని. వచ్చిన కొత్తలో ఒడియా రాక నేను బజారులో బిక్కమొహం వేసుకుని నిలబడితే, నా చేతిలో డబ్బులు తనే తీసి కూరలామెకి ఇచ్చి, మిగిలింది లెక్కగా నా గుప్పిట్లో పెట్టింది. అప్పట్నుంచి పొద్దున్నే పని మొదలుపెట్టేముందు ఆమె పక్కన కాసేపు కూర్చుంటాను. విస్తరి కుట్టడం నేర్పుతోంది. నా విస్తట్లో సాంబారు పోస్తే నేలకే వెళ్తుంది.

పోయిన శనివారం సారు మొదటి పటం తెర మీద చూపించారు. ఊరంతటిలోకీ ఎర్రగా ఉన్నది మా కూడలే. అందులోనూ చుక్కలన్నీ కాలవ గట్టు పొడుగునా, అడ్డాకుల ఆడవాళ్లు కూర్చునే చోట, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అది నేను తిరిగే భాగం. “మంచి పని చేశావు పద్మా, ఇంత స్పష్టంగా వస్తుందనుకోలేదు” అని సారు మెచ్చుకున్నారు. నేను సంబరపడిపోయాను. గురువారం మునిసిపాలిటీ సమావేశంలో ఈ పటం పెడతామనీ, ఆ ఆకుల వాళ్లని రైలు గేటు అవతలికి పంపిస్తే సగం చెత్త పోతుందనీ ఆయనే అన్నారు. అప్పుడు కూడా నా బుర్ర వెలగలేదు.

సాయంత్రం కూడలికి వచ్చేసరికి ఆ మాట నాకంటే ముందే వచ్చేసింది. సుక్రి ఆకులు సర్దడం ఆపి నన్ను చూసింది.

“నూనీ, మమ్మల్ని గేటు అవతల కూకోమంటారట. నిజమేనా? అక్కడ ఎవలొస్తారు కొనడానికి? దుమ్ము తప్ప మనిసి ఉండడు.”

“ఎవరన్నారు?”

“అందరూ అంతన్నారు. యంత్రం సూసిందట. మా కాడే సెత్త ఉన్నాదని యంత్రం సెప్పిందట.” అని నా చేతిలో ఉన్న దాన్ని చూసింది. “ఇదేనా సెప్పింది?”

నేను యంత్రాన్ని కొంగు కింద దాచుకున్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఎప్పటిలాగే పీట జరిపి కూర్చోమంది. నేను కూర్చుని చుట్టూ చూశాను. అక్కడ చెత్త ఎక్కడుంది? వాళ్లు కూర్చునే చోటు వాళ్లే ఊడ్చుకుంటారు. తెగిన ఆకులు మేకలు తినేస్తాయి, ఈనెలు పొయ్యిలోకి పట్టుకెళ్తారు. మరి ఇన్ని చుక్కలు ఎక్కడివి? నొక్కింది నేను, నా వేలితో నేనే నొక్కాను. అయినా నాకు తెలియలేదు. మర్నాడంతా అదే ఆలోచన.

ఆదివారం అమావాస్య. ఇక్కడి తెలుగు వర్తకులకి అమావాస్య అంటే ఎంతో నీకు చెప్పక్కర్లేదు. చీకటి పడగానే దుకాణాలన్నిటి ముందూ బూడిద గుమ్మడికాయ తిప్పి, కర్పూరం వెలిగించి, కూడలి మధ్యలోకి తీసుకెళ్లి పగలగొట్టేశారు. శనివారం శనివారం తీసే నిమ్మకాయ మిరపకాయల దండలూ అక్కడే. పిల్లలకి దిష్టి తీసిన ఎర్రనీళ్లూ ముద్దలూ అక్కడే. ఈ మధ్య కొందరు శుభ్రం అనుకుని ప్లాస్టిక్ కవర్లో కట్టి మరీ విసురుతున్నారు. పొద్దున్న ఊడ్చేవాళ్లు వచ్చి దాని చుట్టూ ఊడ్చుకుని వెళ్లిపోతారు. దిష్టిని ఎవరు ముట్టుకుంటారు? అది అక్కడే ఉంటుంది కాబట్టి టీ కప్పులు, అరటి తొక్కలు, గుట్కా కాగితాలు అన్నీ దాని మీదే వేస్తారు. లారీలు తొక్కుకుంటూ పోతాయి.

సోమవారం పొద్దున్న యంత్రం పట్టుకుని ఎప్పటిలాగే దుకాణం మెట్లు దిగాను. కూడలి మధ్యలో గుమ్మడి చెక్కలు, కుంకుమ రాసిన నిమ్మచెక్కలు కుప్పగా ఉన్నాయి. అది చూశానో లేదో, నా కాళ్లు పక్కకి తిరిగి, రోడ్డు దాటి, గట్టు మీద సుక్రి పక్కకి చేరాయి. అక్కడ నిలబడి, కుప్పని చూస్తూ, మీట నొక్కాను.

నొక్కాక నా కాళ్లకేసి చూసుకున్నాను అప్పా.

అన్ని వారాలూ నేను చేసింది ఇదే. కుప్ప కూడలి మధ్యలో, నేను గట్టు మీద. యంత్రం నేను నిలబడిన చోటే రాసుకుంది. దిష్టి తొక్కకూడదని నేను తప్పుకున్న ప్రతిసారీ ఆ చెత్త తీసుకెళ్లి సుక్రి ఒళ్లో పోశాను. తప్పుకుంటున్నానని కూడా నాకు తెలియదు. ఎవరైనా అడిగి ఉంటే దగ్గరకి వెళ్లే నొక్కానని ఒట్టేసి చెప్పేదాన్ని.

నా కాళ్లకి అది ఎవరు నేర్పారో నీకు తెలుసు. మొదటిసారి నీకు నాలుగో నెలలో కడుపు పోయినప్పుడు నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీద పడుకున్నావు. అమ్మ గుమ్మంలో నిలబడి, “సంత కాడ దిష్టి తొక్కీసినాది. కిందకి సూసి నడమ్మీ అంతే ఇన్నాదా?” అంది. రెండోసారి కూడా అదే అంది. చుట్టాలొస్తే వాళ్లకీ అదే చెప్పింది. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. అప్పుడు నేను నీ మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ రోజు నుంచి నిమ్మచెక్క కనబడితే నా కాళ్లు నన్నడగవు.

ప్రమోద్‌ని పిలిచి చెప్పాను. వాడు తల గోక్కున్నాడు. “సార్‌కి చెబితే పని పోతుంది పద్మాదీదీ. వదిలేద్దాం, చుక్కే కదా” అన్నాడు. నేను సుక్రి వైపు చూపించాను. వాడు కాసేపు చూసి, “సరే, మరి సరిగ్గా నొక్కుదాం. నువ్వెళ్లు” అన్నాడు.

“నువ్వు మగాడివి, నువ్వెళ్లు” అన్నాను.

“నేనా? అమావాస్య మర్నాడా? మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు!”

వాడికే ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. యంత్రాన్ని గొడుగు కర్రకి దారంతో కట్టి, దూరం నుంచి కుప్ప మీదకి చాపి, కాసేపు ఉంచి మీట ఎలాగో నొక్కుదామన్నాడు. మేం ఇద్దరం డిగ్రీ చదివినవాళ్లం, మర్చిపోకు. సుక్రి దారం ఇచ్చింది. ప్రమోద్ గొడుగు చాపాడు, నేను వాడి నడుం పట్టుకున్నాను, చేపలు పట్టేవాళ్లలా ముందుకి వంగాం. లారీ హారను కొట్టింది. వాడు ఉలిక్కిపడ్డాడు. దారం జారి, ఆఫీసు యంత్రం వెళ్లి పగిలిన గుమ్మడికాయ డిప్పలో పడింది!

ఇంకో లారీ దూరంగా మలుపు తిరుగుతోంది. యంత్రం పిండయితే నా ఉద్యోగంతోపాటు ఆ చుక్కలు మార్చే దారి కూడా పోతుంది. అయినా కాళ్లు కదల్లేదు అప్పా. నీకు అప్పటికే నెలలు నిండాయి. రేపో మాపో అన్నట్టు ఉన్నావు. ఇన్నాళ్లూ పూజలూ మందులూ మంచం మీద పడకా, ఇంత చేసి తొమ్మిది నెలలు మోశావు. నేను వెళ్లి అమావాస్య దిష్టి తొక్కితే అది నా ఒక్కదానితో పోతుందా, నీ దాకా వస్తుందా? నాకు తెలియదు. నేను భయపడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా భయపడ్డాను.

వెనక్కి తిరిగి చూస్తే సుక్రి సూది ఆపి నన్నే చూస్తోంది.

‘ఏం చేసినా నన్ను చెయ్యి, మా అప్ప జోలికి పోకు’ అని గట్టిగా పైకే అనేసి నడిచాను. దుకాణం మెట్ల మీద నుంచి పిన్ని కేక వినబడింది.

“ఓలమ్మో! అమ్మీ! తొక్కీకమ్మీ! పక్కకి రా!”

పక్కకి రాలేదు. రెండు కాళ్లూ ఆ నిమ్మచెక్కల మీదే పెట్టాను. చెప్పు కింద ఒకటి చితికింది. గుమ్మడి డిప్పలోంచి యంత్రం తీసి, కుంకుమ పమిటతో తుడిచి, ఉపగ్రహాలు దొరికేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ ఉపగ్రహాలు ఆ రోజే అంత ఆలస్యం చేశాయి! లారీవాడు ఆపి, తల బయట పెట్టి తిడుతున్నాడు. నేను కదల్లేదు. దొరికాక మీట నొక్కాను.

ఇంటికి వెళ్తే పిన్ని గుమ్మం దాటనివ్వలేదు. పెరటి వైపు నుంచి రప్పించి, బావి దగ్గర నిలబెట్టి, ఆ చలిలో నెత్తి మీద చన్నీళ్లు గుమ్మరించింది. గుమ్మరిస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. “నీకేటి పొయ్యే కాలం వచ్చినాది? కన్నోళ్లు నన్ననుకోరా? ఏటయినా అయితే నానేటి సెప్పుకోవాల?” తర్వాత ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం రెట్టింపు పెట్టింది.

మధ్యాహ్నం తడి జుట్టుతోనే సారు దగ్గరకెళ్లి జరిగింది చెప్పాను. ఏ చోట నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో అంతా చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. “చదువుకున్న పిల్లవి, నిమ్మకాయకి భయపడి ఊరి పటం తప్పు వేస్తావా?” అని గట్టిగా కేకలేశారు. ఆఫీసంతా విన్నది. నేను తల వంచుకుని నిలబడ్డాను. నా కళ్లు కిటికీలోంచి కిందకి వెళ్లాయి. అక్కడ ఆయన జీపు ఉంది. జీపు ముందు బంపరుకి కొత్త నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయల దండ వేలాడుతోంది. ఆయన కూడా నా చూపు వెంట చూశారు. గొంతు తగ్గించి, “బజారు భాగం మొత్తం మళ్లీ నడవండి. గురువారం లోపల కావాలి” అన్నారు.

నేనూ ప్రమోద్ మంగళ, బుధవారాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మళ్లీ నడిచాం. ప్రతి కుప్ప దగ్గరకీ వెళ్లి, దాని మీద నిలబడి నొక్కాం. ప్రమోద్ కూడా నిలబడ్డాడు, కళ్లు మూసుకుని. నేను పైకి నవ్వుతూనే ఉన్నాను గానీ, ఆ మూడు రోజులూ దుకాణంలో ఫోను మోగినప్పుడల్లా చెవులు మూసుకునేదాన్ని. బావ పేరు వినబడితే ఏం వినాల్సి వస్తుందో అని మేడ దిగేదాన్నే కాదు.

బుధవారం మధ్యాహ్నం అన్నానికి వచ్చి మేడ ఎక్కుతుంటే పిన్ని కింద నుంచి అరిచింది. “అమ్మీ! బొబ్బిలి నుంచి!” ఎలా దిగానో తెలియదు. బావ చెప్పింది నీకు చెప్పాను కదా. నేను బస్తాల మధ్య ఏడుస్తుంటే పిన్ని భయంగా వచ్చి భుజం పట్టుకుని కుదిపింది.

“ఏటయినాది? సెప్పమ్మీ, ఏటయినాది?”

“ఆడపిల్ల పిన్నీ. ఇద్దరూ బాగున్నారు.”

పిన్ని నా పక్కనే బస్తా మీద చతికిలబడింది. కొంగు నోట్లో పెట్టుకుంది. అప్పుడు చెప్పింది. ఆ కుప్పలో పైనున్న నిమ్మచెక్కలు ఆవిడవేనట. మనవడికి జ్వరం తగ్గడం లేదని అమావాస్య నాడు ఆవిడే దిష్టి తీసి పారేసిందట. “నానేసింది నువ్వు తొక్కినావు. మీ అప్పకి నెలలు నిండినాయని నువ్వు సెప్పినావు కదా. అప్పట్నుంచి నాకు ముద్ద దిగలేదమ్మీ. ఈ ఊరి అమ్మోరు మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నాను, ఆ పిల్లకీ కడుపుకీ ఏటీ కాకండా సూడమ్మా అని.” ఆవిడా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పిన్ని భర్త, బాబాయి, తూకం ఆపి ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చాడు.

మనవడి జ్వరం తగ్గింది, అది కూడా చెప్పాలి కదా.

నిన్న గురువారం సమావేశంలో కొత్త పటం పెట్టారు. కాలవ గట్టు మీద తెల్లగా ఉంది, ఒక్క చుక్క లేదు. కూడలి మధ్యలో మాత్రం బొట్టులా ఇంతెర్రగా ఉంది. అది ఎవరిదో అక్కడున్న వర్తకులకి చెప్పాల్సిన పని లేకపోయింది. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారని సారు చెప్పారు. ఆకుల ఆడవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుంటారు. అమ్మయ్య! ఆ మాట సుక్రికి చెబుదామని ఆఫీసు నుంచి పరుగున వచ్చాను. చెబితే నవ్వి, “నిన్ననే కొత్త మోపు దింపినాను నూనీ. ఎల్లనని నాకు తెల్సు” అంది. ఎలా తెలుసని అడిగితే, “నువ్వు దాని మీద నిలబడినావు కదా” అంది. పాప బారసాలకని అడ్డాకుల విస్తళ్ల కట్ట ఒకటి నా చేతిలో పెట్టింది. తనే కుట్టింది, సాంబారు కారదు.

కూడలి మధ్యలో ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. తొట్టె పెడితే దిష్టిని తొట్టెలో ఎవరేస్తారు? పిన్ని మాత్రం నిన్న సాయంత్రం మనవడికి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకి ఇల్లంతా దగ్గాం. “మా అత్త ఇలగే తీసీది. వీధిలో ఎవలో తొక్కుతారని బయటెయ్యనిచ్చీది కాదు. మాకే బద్దకమయిపోయినాది” అంది. అమావాస్య గుమ్మడికాయల సంగతి వచ్చే అమావాస్యకి తెలుస్తుంది.

వచ్చే నెల మమ్మల్ని కోరాపుట్‌కి, అక్కడి నుంచి లక్ష్మీపూర్ సంతకి పంపుతారట. అక్కడ ఇంతకంటే చలి. నాన్న పాత స్వెట్టరు ఎవరైనా వస్తుంటే పంపు. అమ్మ పెట్టిన ఉసిరికాయ పచ్చడి కూడా, జాడీ కాదు, చిన్న సీసా చాలు. బారసాలకి రెండు రోజులు సెలవిస్తానని సారు మాటిచ్చారు. పాపకి గౌను కొన్నాను, బావకి చూపించొద్దు, రంగు బాగోలేదంటాడు.

ఇక ఒక్క మాట అప్పా. ఇది అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదువు. ఆ రోజు సంత దగ్గర నువ్వు నిమ్మచెక్క తొక్కావో లేదో నీకే తెలియదు. నేను తొక్కాను. ఒక కాలితో కాదు, రెండు కాళ్లతో తొక్కాను, తెలియక కాదు, చూసి తొక్కాను. అమావాస్య మర్నాడు తొక్కాను, నువ్వు నొప్పులకి ఎదురుచూస్తున్నప్పుడు తొక్కాను. తొక్కి చాలాసేపు దాని మీదే నిలబడ్డాను. ఆ తర్వాత రెండు రోజులకే నీకు పాప పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. ముందు పోయిన ఇద్దరూ నీ నడక వల్ల పోలేదు అప్పా. ఎందుకు పోయారో నాకు తెలియదు, అమ్మకీ తెలియదు. నువ్వు చేసింది మాత్రం ఏమీ లేదు. ఇంక గోడ వైపు తిరిగి పడుకోకు. పాప వైపు తిరిగి పడుకో.

పాపకి దిష్టి తీస్తే తీయండి, నేను వద్దననను. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేసెయ్యమను అమ్మని, కూడలి దాకా పంపొద్దు.

అమ్మకీ నాన్నకీ, పెద్దమ్మ వాళ్లకీ నా దండాలు. బావకి మీటరు చూడకుండా ఒకసారి ఫోను చెయ్యమని చెప్పు. పాప అరికాళ్లకి ముద్దులు, కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఒకటి.

అందరి ఉత్తరాల్లోనూ ఆఖర్న రాసే మాటే నేనూ రాస్తున్నాను, కానీ ఈసారి ఊరికే రాయడం లేదు. అప్పా, నీ కాళ్లకి దండం.

నీ చెల్లి,
పద్మ